పాటకి ఎకో వేసే ముందు

"అన్నా, ఇంకాస్త ఎకో పెట్టన్నా."

పాట రికార్డు చేయించుకోవడానికి వచ్చినవాళ్ల దగ్గర నేను అన్నిటికన్నా ఎక్కువగా వినే మాట ఇదే. భజన బృందాలు అడుగుతాయి, చర్చి పాటలు పాడేవాళ్లు అడుగుతారు, అయ్యప్ప మాల వేసుకున్న కుర్రాళ్లు అడుగుతారు, పద్యాలు పాడే పెద్దవాళ్లు కూడా అడుగుతారు. నెల్లూరు, ఒంగోలు చుట్టుపక్కల చిన్న స్టూడియోల నుంచి బయటికొచ్చే పాటలు వింటే ఈ కోరిక ఎంత బాగా తీరుతోందో తెలుస్తుంది. గొంతు ఏదో బావిలోంచి వస్తున్నట్టుంటుంది. రాగం తెలుస్తుంది, తాళం తెలుస్తుంది, మాట మాత్రం తెలియదు.

దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. మన పాటల్లో మాటే ప్రధానం. సాఫ్ట్‌వేర్‌లో మనం వేసే ప్రతి ఎఫెక్టూ, అది రివర్బ్ (మనవాళ్లు ఎకో అని అడిగేది ఎక్కువగా ఇదే, ధ్వని ఆగాక కూడా గదిలో తిరిగే మోత) కానీ, కంప్రెసర్ (గట్టిగా వచ్చినదాన్ని తగ్గించేది) కానీ, పిచ్ కరెక్షన్ (శ్రుతి సరిచేసేది) కానీ, ఆ మాటను పాడేవాళ్ల నోటి నుంచి వినేవాళ్ల చెవి దాకా క్షేమంగా చేర్చాలి. ఆ పనికి అడ్డొచ్చే ఎఫెక్టు ఎంత ఖరీదైనదైనా, ఎంత తియ్యగా వినిపించినా తీసేయాలి. ఇది నా ఇష్టాయిష్టాల సంగతి కాదు. మన పాట ఎక్కడ వింటారు, మన భాష ఎలా పలుకుతుంది అన్నవి చూస్తే ఎవరైనా ఇక్కడికే వస్తారని నా నమ్మకం.

ముందు ఎక్కడ వింటారో చూద్దాం. నేను నెల్లూరులో ఒక చిన్న గదిలో పనిచేస్తాను. ఆ గదిలో మంచి స్పీకర్లు, హెడ్‌ఫోన్లు ఉన్నాయి. కానీ నా దగ్గర తయారైన పాటను అలా వినేది నేనొక్కడినే. మిగతావాళ్లు వినేది గుడి మీద కట్టిన హార్న్‌లో, ఊరేగింపు ట్రాక్టర్ మీద పేర్చిన సౌండ్ బాక్సుల్లో, ఆటోలో, అన్నిటికంటే ఎక్కువగా ఫోన్ స్పీకర్‌లో. ఈ చోట్లలో చాలావాటికి సొంత ఎకో ఉంది.

శ్రీరామనవమికి ఒక ఊళ్లో వీధి పొడవునా స్తంభాలకు హార్న్‌లు కట్టారనుకోండి. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు వెళ్తుంది. మీరు ఒక హార్న్ కింద నిలబడితే, 50 మీటర్ల అవతల ఉన్న రెండో హార్న్ నుంచి అదే మాట మీకు దాదాపు 145 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. ఆ తర్వాతి హార్న్ నుంచి ఇంకా ఆలస్యంగా. ఇళ్ల గోడల నుంచి తిరిగొచ్చేది వేరే. అంటే సాఫ్ట్‌వేర్‌లో డిలే ప్లగిన్ (అదే ధ్వనిని కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించే చిన్న ప్రోగ్రాం) చేసే పనిని ఆ వీధే చేస్తోంది, అదీ ఎవరూ అడగకుండా. రాతి మండపంలోనూ అంతే. రాయి ధ్వనిని దాదాపు పీల్చుకోదు. నున్నగా చెక్కిన గ్రానైటు అయితే మరీనూ. చీమకుర్తి రాయి పరిచిన ఏ కల్యాణమండపంలోనైనా ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి, మీరు ప్లగిన్‌లో ఏరుకునే 'హాల్' అక్కడే ఉంది. ఇలాంటి చోట వినిపించబోయే పాటకి స్టూడియోలోనే మూడు సెకన్ల హాల్ రివర్బ్ వేసి పంపితే, వినేవాళ్లకి రెండు హాళ్లు ఒకదాని మీద ఒకటి పడి వినిపిస్తాయి.

రివర్బ్ కథ మొదలైందే దాన్ని తగ్గించడానికి. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఒక ఉపన్యాస మందిరంలో చెప్పేది విద్యార్థులకు అర్థం కావడం లేదు. అక్కడ పలికిన మాట అయిదు సెకన్లకు పైగా గదిలోనే తిరుగుతూ ఉండేది. ఒక మాట అణగకముందే వెనకాల ఎన్నో మాటలు వచ్చి దానిలో కలిసిపోయేవి. ఆ సంగతేదో తేల్చమని వాలెస్ సబైన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి అప్పజెప్పారు. ఆయన రాత్రిళ్లు పక్క నాటకశాల నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి గదిలో పరుస్తూ, ఆర్గన్ గొట్టం ఊది, ధ్వని అణగడానికి ఎంతసేపు పడుతోందో స్టాప్‌వాచ్‌తో కొలిచాడు. ఇవాళ మన ప్లగిన్‌లో 'డికే టైమ్' అని కనిపించే అంకె ఆ కొలతల నుంచే వచ్చింది. మాట వినపడటం కోసం పుట్టిన కొలత అది. దాన్ని మనం మాట మింగేసేదాకా తిప్పుతున్నాం.

ఇక మన భాష సంగతి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. పాటలో ఆ అచ్చును సాగదీస్తాం. సాగిన అచ్చుకు పెద్ద రివర్బ్ తోక తగిలిస్తే, అది తర్వాతి మాట మొదట్లో ఉన్న హల్లు మీద పడుతుంది. హల్లు చాలా చిన్నది, బలం తక్కువది. అచ్చు తోక కింద అది కనపడకుండా పోతుంది.

అంతకంటే ముఖ్యమైంది ఒత్తు. 'అటు' అనడానికీ 'అట్టు' అనడానికీ తేడా నాలుక గాలిని ఎంతసేపు ఆపింది అన్నదాంట్లోనే చాలావరకు ఉంది. ద్విత్వాక్షరం దగ్గర ఆ ఆగడం ఎక్కువసేపు ఉంటుంది. అంటే ఇలాంటి అక్షరాల దగ్గర మన చెవి ఒత్తును చాలావరకు పోల్చుకునేది శబ్దంతో కాదు, శబ్దం దాదాపు లేని ఆ కాస్త ఖాళీతో. రివర్బ్ చేసే మొదటి పని ఖాళీలను నింపడం. ఖాళీ నిండిపోతే 'గుడ్డి' వచ్చి 'గుడి' పక్కన నిలబడుతుంది, వినేవాడు సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. తెలిసిన కీర్తనైతే ఊహించుకుంటాడు. కొత్త పాటైతే వదిలేస్తాడు. ఇంగ్లీషు పాటల కోసం తయారుచేసిన ప్రీసెట్లు (ముందే అమర్చి ఇచ్చే సెట్టింగులు) మనకు సరిపోకపోవడానికి ఇదొక పెద్ద కారణమని నేను అనుకుంటాను. ఆ భాషలో మాట లోపల ఇలా ఆగే నిడివి మీద అర్థం ఆధారపడదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. పాత సినిమా పాటల్లో ఎకో లేదా, అవి ఎంత బాగున్నాయి, అని. ఉంది. కానీ ఆ రోజుల్లో ఎకో అంటే గొంతును పంపి మోగించే ఒక ఖాళీ గది, లేదా ఒక ఇనుప రేకు. జర్మనీలోని ఈఎంటీ సంస్థ 1957లో తెచ్చిన 140 అనే ప్లేట్ రివర్బ్‌లో రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్న ఉక్కు రేకును చట్రంలో బిగించి వేలాడదీసేవాళ్లు. మొత్తం బరువు 270 కిలోల దాకా ఉండేది. అలాంటిది స్టూడియోలో ఒకటో రెండో ఉంటాయి. ఎంత పంపాలన్నది ఇంజనీరు ఆలోచించి పంపేవాడు. ముఖ్యంగా గాయకుడు మైకు ముందు అక్షరం అక్షరం పట్టి పలికేవాడు. మన నెల్లూరు బాలుగారి పాటలు జాగ్రత్తగా వినండి. నవ్వు, నిట్టూర్పు, మాట చివర ఊపిరి, అన్నీ విడివిడిగా వినపడతాయి. అవి వినపడాలంటే గొంతు చుట్టూ చోటుండాలి. ఇప్పుడు ఒక ట్రాక్‌కి అయిదు రివర్బ్‌లు వేయడానికి మౌసు కదిపితే చాలు, ఒక్క పైసా ఖర్చు లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

నేను రివర్బ్ అసలు వద్దనడం లేదు. పూర్తిగా పొడిగా ఉన్న గొంతు ఫోన్‌లో విన్నా ఇబ్బందిగానే ఉంటుంది, ఎవరో చెవిలో మాట్లాడుతున్నట్టు. నేను చేసే పద్ధతి చెబుతాను. గొంతు ట్రాక్ మీద నేరుగా రివర్బ్ పెట్టను. వేరే ట్రాక్ ఒకటి తెరిచి, అందులో రివర్బ్ ఉంచి, గొంతును సెండ్ (గొంతు నకలును వేరే ట్రాక్‌కి పంపే దారి) ద్వారా అక్కడికి కొంచెం పంపుతాను. అప్పుడు రివర్బ్‌ను విడిగా చెక్కవచ్చు. డికే సెకనుకు అటూఇటూ ఉంచుతాను. ప్రీడిలే 40 నుంచి 60 మిల్లీసెకన్లు ఇస్తాను. ప్రీడిలే అంటే గొంతు వచ్చాక రివర్బ్ మొదలవడానికి ముందు వదిలే వ్యవధి. ఆ వ్యవధిలో హల్లు బయటికొచ్చేస్తుంది, తోక దాని వెనకాల నడుస్తుంది. ఆ తర్వాత రివర్బ్ ట్రాక్ మీదే ఒక ఈక్యూ (కింది, పై స్వరాలను విడివిడిగా పెంచి తగ్గించే ఎఫెక్టు) పెట్టి, 300 హెర్ట్జ్ కింద, 6 వేల హెర్ట్జ్ పైన కోసేస్తాను. కింద కోయకపోతే బురద, పైన కోయకపోతే ప్రతి 'స' కారమూ బుస కొడుతుంది.

దీనికి మించింది ఇంకొకటుంది, దాన్ని మా వైపు చాలామంది వాడటం లేదు. రివర్బ్ ట్రాక్ మీద కంప్రెసర్ ఒకటి పెట్టి, దాన్ని గొంతు సిగ్నల్‌తో నడపాలి. దీన్నే సైడ్‌చెయిన్ అంటారు. పాడుతున్నంతసేపూ రివర్బ్ నాలుగైదు డెసిబెల్ తగ్గి ఉంటుంది. పాడటం ఆపగానే పైకి లేస్తుంది. పాడినాయనకి కావలసిన ఎకో ఆయనకు దొరుకుతుంది, వినేవాళ్లకి కావలసిన మాట వాళ్లకు దొరుకుతుంది. రీపర్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో అయితే గొంతును రివర్బ్ ట్రాక్ 3, 4 ఛానళ్లకు పంపి, దాని కంప్రెసరైన రియాకంప్‌లో డిటెక్టర్ ఇన్‌పుట్‌ను ఆగ్జిలరీకి మార్చితే అయిపోతుంది. రెండు నిమిషాల పని.

రివర్బ్ గురించి ఇంత చెప్పాక మిగతావి తేలికవుతాయి, ఎందుకంటే అన్నిటికీ ఒకటే ప్రశ్న: దీనివల్ల మాట ముందుకొచ్చిందా, వెనక్కి వెళ్లిందా?

ఈక్యూలో పెంచడం కంటే తగ్గించడం ముందు. గొంతు ట్రాక్‌లో 80, 100 హెర్ట్జ్ కింద ఉండేది ఫ్యాన్ చప్పుడు, రోడ్డు మీద లారీ, మైకు స్టాండుకు తగిలిన కాలు. హై పాస్ ఫిల్టరుతో తీసేయాలి. చిన్న గదుల్లో రికార్డు చేసిన గొంతుల్లో 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య డబ్బాలో మాట్లాడినట్టు ఒక గుబగుబ పోగవుతుంది. అక్కడ రెండు, మూడు డెసిబెల్ తగ్గిస్తే చాలు, మాట దానంతటదే పైకి తేలుతుంది. దగ్గరగా పెట్టుకుని పాడేవాళ్లకు ఇది ఇంకా ఎక్కువ. ఒక వైపు నుంచే వినే కార్డియాయిడ్ మైకులకు, నోరు దగ్గరయ్యేకొద్దీ కింది స్వరాలను పెంచి చూపే గుణం ఉంది. ఆ గుబగుబను ప్లగిన్‌తో పోగొట్టే కంటే, "పెద్దాయనా, ఒక జానెడు వెనక్కి జరగండి" అంటే ఇంకా బాగా పోతుంది.

డప్పు రికార్డు చేసినప్పుడు ఈ సంగతి మరీ స్పష్టంగా కనపడుతుంది. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు మధ్యలో పడతాయి. ఆ రోజుల్లో తోలు చెమ్మ పట్టి డప్పు మొద్దుబారుతుంది. చాలామంది ఇంజనీర్లు అప్పుడు 3 వేల, 5 వేల హెర్ట్జ్ దగ్గర ఈక్యూ ఎక్కించి పదును తేవడానికి చూస్తారు. లేని పదును ఈక్యూతో రాదు, చప్పుడు పెరుగుతుంది అంతే. డప్పు కొట్టేవాళ్లు ఏం చేస్తారు? నాలుగు కాగితాలో ఎండుగడ్డో అంటించి మంట మీద తోలు కాచుకుంటారు. తోలు బిగుస్తుంది, మోత మారిపోతుంది. స్టూడియోలోకి రాగానే వాళ్లను తొందరపెట్టి మైకు ముందు నిలబెట్టడం కంటే, బయట ఆ పని చేసుకునే టైమ్ ఇవ్వడం మంచిది. వాద్యం దగ్గర సరిచేయగలిగినదాన్ని సాఫ్ట్‌వేర్‌కి వదిలేయకూడదు.

కంప్రెసర్ విషయంలో కూడా డప్పుదీ గొంతుదీ వేర్వేరు దారులు. కంప్రెసర్ అంటే గట్టిగా వచ్చినదాన్ని తనంతట తానే తగ్గించే చెయ్యి. 4:1 రేషియో అంటే, మనం గీసిన గీతను ధ్వని 4 డెసిబెల్ దాటితే 1 డెసిబెల్ మాత్రమే దాటనిస్తుంది. ఆ చెయ్యి ఎంత త్వరగా కదులుతుందన్నది అటాక్, ఎంత త్వరగా వదులుతుందన్నది రిలీజ్. డప్పుకు అటాక్ ఒక మిల్లీసెకనులో పెడితే కర్ర తగిలిన ఆ మొదటి దెబ్బే చచ్చిపోతుంది. దెబ్బ లేని డప్పు డప్పే కాదు. 20, 30 మిల్లీసెకన్లు వదిలితే దెబ్బ పూర్తిగా బయటపడి, వెనక మోత మాత్రం అదుపులోకొస్తుంది. గొంతుకు కూడా మరీ తొందరపడే అటాక్ హల్లును కొట్టేస్తుంది. నేను 10 మిల్లీసెకన్ల దగ్గర మొదలుపెట్టి చెవితో చూసుకుంటాను.

భజన నడిపే ఆయన చప్పట్లు కొడుతూ, పక్కవాళ్లకు సైగ చేస్తూ, తల అటూ ఇటూ తిప్పుతూ పాడతాడు. అది ఆయన పద్ధతి, కదలొద్దంటే పాటే రాదు. ఆ హెచ్చుతగ్గులన్నీ ఒక్క కంప్రెసర్ మీద వేస్తే, అది ఒకచోట గొంతు నొక్కుతుంది, ఒకచోట ఊపిరిని, ఫ్యాన్ చప్పుడును కూడా పైకి లాగుతుంది. కంప్రెసర్‌కి ముందే ఒక్కో వాక్యం లెవెల్‌ను చేత్తో సరిచేసుకోవాలి. విసుగు పుట్టించే పని, నిజమే. కానీ అది చేశాక కంప్రెసర్ మూడు, నాలుగు డెసిబెల్ తగ్గిస్తే సరిపోతుంది, గొంతు సహజంగా నిలబడుతుంది. రివర్బ్ కలిపేసిన గొంతు మీద కంప్రెసర్ వేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. గొంతు తగ్గిన ప్రతిచోటా తోక పైకొస్తుంది, మనం కాపాడుకుంటున్న ఆ ఖాళీలన్నీ నిండిపోతాయి.

ఏ ఎఫెక్టు వేసినా బాగుందనిపించడానికి ఒక మామూలు కారణం ఉంది. చాలా ప్లగిన్లు వేయగానే ధ్వని కాస్త గట్టిపడుతుంది. గట్టిగా విన్నప్పుడు మన చెవికి కింది, పై స్వరాలు రెండూ నిండుగా తెలుస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని గీతలు గీసి చూపించారు. అందుకని ఎఫెక్టు వేసిన తర్వాత దాని అవుట్‌పుట్‌ను వేయకముందున్న లెవెల్‌కే తెచ్చి, ఆన్ చేసి, ఆఫ్ చేసి వినాలి. అప్పుడు కూడా బాగుంటే ఉంచాలి. ఇలా చూస్తే సగం ప్లగిన్లు ఎగిరిపోతాయి. పక్కన పాడినాయన కూర్చుని ఉంటే ఆయన్ని కళ్లు మూసుకుని వినమని చెప్పి, ఏది ఆన్, ఏది ఆఫ్ అన్నది చెప్పకుండా వినిపిస్తాను. ఎకో ఇంకా కావాలని పట్టుబట్టినవాళ్లే తక్కువ ఎకో ఉన్నదాన్ని ఎంచుకోవడం నేను చూశాను.

పిచ్ కరెక్షన్ దగ్గర నాకు కాస్త ఆవేశం వస్తుంది. శ్రుతిని తనంతట తానే సరిచేసే ఆటో ట్యూన్ 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు చమురు అన్వేషణ కోసం భూమిలోంచి తిరిగొచ్చే తరంగాల లెక్కలు కట్టిన ఇంజనీరు. ఆ గణితాన్నే గొంతు శ్రుతి పట్టుకోవడానికి వాడాడు. గొప్ప ఆలోచన. కానీ ఆ పరికరం గొంతును లాక్కెళ్లేది పియానో మెట్లలాంటి పన్నెండు స్థానాలకు. మన సంగీతంలో స్వరం ఒక మెట్టు మీద కూర్చోదు. తోడి రాగంలో గాంధారం ఊగుతుంది. ఆ ఊగడమే గాంధారం. రీట్యూన్ స్పీడ్‌ను (స్వరాన్ని ఎంత త్వరగా మెట్టు మీదికి లాగాలో చెప్పే సెట్టింగు) సున్నా దగ్గర, అంటే అన్నిటికన్నా త్వరగా లాగేలా, పెట్టి తోడి పాడిస్తే, సాఫ్ట్‌వేర్ ఆ ఊపును తప్పుగా లెక్కగట్టి రెండు మూడు మెట్ల మధ్య గెంతిస్తుంది. కొండ మీదికి వెళ్లే భక్తులు పాడుకునే పాటల్లో, నాట్లేసే ఆడవాళ్ల పాటల్లో కూడా స్వరాలు జారుతూ ఉంటాయి. అవి తప్పులు కావు.

ఒంగోలు పక్కన కరవదిలో పుట్టిన షేక్ చిన మౌలానా గారి నాదస్వరం విన్నవాళ్లకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. 1998లో సంగీత కళానిధి అందుకున్న విద్వాంసుడాయన. నాదస్వరంలో ఊపిరితో, పెదవులతో, వేళ్లతో స్వరాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి నడిపించడమే విద్య. అంతటి విద్వాంసుడు పుట్టిన ప్రాంతంలో కూర్చుని మనం గమకాన్ని, అంటే స్వరం ఊపును, తప్పుగా చూసే యంత్రానికి గొంతులు అప్పజెప్పడం నాకు బాధగా ఉంటుంది. శ్రుతి నిజంగా తప్పినచోట ఏం చేయాలంటే, మళ్లీ పాడించాలి. పాడించే వీలు లేకపోతే ఆ ఒక్క స్వరాన్ని, మెలొడైన్ లాంటి శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్‌లో చేత్తో పట్టుకుని, దాని మధ్య బిందువును మాత్రమే జరపాలి, ఊపును ముట్టుకోకూడదు. పాట మొత్తానికీ ఒకేసారి వేయడం మాత్రం వద్దు.

ఫోన్ స్పీకర్ గురించి. ఫోన్‌లో 300, 400 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ రాదు. డోలు, బేస్ గిటారు, తబలా డగ్గా అన్నీ అక్కడే ఉంటాయి. బేస్ వినపడటం లేదని దాన్ని ఈక్యూలో పెంచుతూ పోతే ఫోన్‌లో ఇంకా వినపడదు, ట్రాక్టర్ మీద సౌండ్ బాక్సుల్లో మాత్రం గుండెలు అదురుతాయి, గొంతు దానికింద పడిపోతుంది. ఇక్కడ సాచురేషన్ పనికొస్తుంది. అది ధ్వనిని కొద్దిగా వంచి, 80 హెర్ట్జ్ స్వరానికి 160, 240, 320, 400 దగ్గర కొత్త అనుస్వరాలు (హార్మోనిక్స్) పుట్టిస్తుంది. ఫోన్ పైవాటిని పలికిస్తుంది. మన మెదడు వాటిని విని, అడుగున లేని స్వరాన్ని ఉన్నట్టే గుర్తిస్తుంది. ఎఫెక్టుల్లో నాకు అన్నిటికన్నా ముచ్చటేసేది ఇదే. కొద్దిగా వాడితే అద్భుతం.

మాస్టర్ (అన్ని ట్రాకులూ కలిసే చివరి ట్రాక్) మీద ఒక ఉత్తుత్తి హార్న్ పెట్టుకోమని అందరికీ చెబుతాను. ఒక ఈక్యూతో 400 హెర్ట్జ్ కింద, 5 వేల పైన కోసేసి, స్టీరియోను మోనో చేసి వినండి. గుడి మైకులో మీ పాట ఇంచుమించు అలాగే ఉంటుంది. అందంగా వెడల్పు చేసిన కోరస్ గొంతులు మోనో చేయగానే పలచబడి, కొన్ని మాయమవుతాయి కూడా. ఒకే ధ్వనిని రెండు పక్కలా కొన్ని మిల్లీసెకన్ల తేడాతో పెట్టి వెడల్పు చేశాం కాబట్టి, రెండూ ఒకచోట కలిసినప్పుడు కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఊరేగింపులో కాదు, మీ టేబుల్ దగ్గరే అది తెలుసుకోవాలి. ఫైలు బయటికి తీసేముందు ఆ ఈక్యూను ఆఫ్ చేయడం మరిచిపోవద్దు. ఇక లిమిటర్‌తో (ధ్వనిని ఒక హద్దు దాటనివ్వని ఎఫెక్టు) పాటను పిండి గట్టిగా చేయడం వల్ల యూట్యూబ్‌లో కలిసొచ్చేదేమీ లేదు. సుమారు మైనస్ 14 ఎల్‌యుఎఫ్‌ఎస్ (పాట ఎంత గట్టిగా వినపడుతుందో చెప్పే కొలత) కంటే గట్టిగా ఉన్నదాన్ని అది తనే తగ్గించి వినిపిస్తుంది. పిండిన పాటలో పోయిన ప్రాణం మాత్రం తిరిగి రాదు.

వీటికి డబ్బు కావాలా అని కుర్రాళ్లు అడుగుతారు. అక్కర్లేదు. నేను చెప్పిన వాటిల్లో మెలొడైన్ తప్ప అన్నీ రీపర్‌తో పాటే వచ్చే ఎఫెక్టులతో చేయవచ్చు. రీపర్‌ను 60 రోజులు ఊరికే వాడి చూడనిస్తారు, ఆ తర్వాత వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. ఆడాసిటీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం, 2022లో వచ్చిన 3.2 వెర్షన్ నుంచి పాట నడుస్తుండగానే ఎఫెక్టులు మార్చి వినవచ్చు కూడా. పెన్‌డ్రైవుల్లో చేతులు మారే క్రాక్ ప్లగిన్ల మూటలు వద్దే వద్దు. వైరస్ సంగతి అటుంచి, అన్ని వందల ప్లగిన్లు ఎదురుగా ఉంటే ఒక్కటీ లోతుగా నేర్చుకోం. ఒక ఈక్యూ, ఒక కంప్రెసర్, ఒక రివర్బ్, ఈ మూడింటితో ఏడాది పనిచేసినవాడి చెవి వేరేగా ఉంటుంది.

ఎకో ఎక్కడ ధారాళంగా పోయాలో కూడా చెప్పాలి, ఎందుకంటే దానికీ చోటుంది. మన జిల్లాల్లో పౌరాణిక నాటకాల పద్యం ఇంకా బతికే ఉంది. పద్యం నాలుగు పాదాలూ మాట. చివరి పాదం అయ్యాక గాయకుడు రాగం తీస్తాడు, హార్మోనియం వెనకాల వెళ్తుంది. అక్కడ మాట లేదు, గొంతు ఒక్కటే ఆకాశంలోకి వెళ్తోంది. ఆ క్షణంలో రివర్బ్ ఫేడర్‌ను ఆటోమేషన్‌తో (సాఫ్ట్‌వేరే దాన్ని కదిపేలా పెట్టి) మెల్లగా పైకి తీసుకెళ్లండి, డికేను కూడా పెంచండి, రెండున్నర సెకన్లు, మూడు సెకన్లు, ఎంత కావాలంటే అంత. పద్యం అంతా పొడిగా ఉంది కాబట్టి ఆ రాగం తెరుచుకున్నప్పుడు ఒళ్లు గగుర్పొడుస్తుంది. తర్వాతి పద్యం ఎత్తుకునేముందు మళ్లీ దించేయాలి. మొదటి నుంచీ అంతే ఎకోలో ముంచేసిన పద్యానికి ఈ సుఖం ఉండదు, పెంచడానికి అక్కడ ఏమీ మిగలదు.

పాడేవాళ్లు ఎకో అడిగేది ఊరికే కాదని కూడా గుర్తుంచుకోవాలి. హెడ్‌ఫోన్‌లో తన పొడి గొంతు వింటే ఎవరికైనా టెన్షన్ వస్తుంది, గొంతు బిగుసుకుంటుంది. అందుకే నేను రికార్డు చేసేటప్పుడు వాళ్ల హెడ్‌ఫోన్‌లోకి అడిగినంత ఎకో ఇస్తాను. వాళ్లు హాయిగా పాడతారు. ఫైలులోకి మాత్రం గొంతు పొడిగానే ఎక్కుతుంది. బఫర్‌ను (కంప్యూటరు ఒక్కో విడతలో తీసుకునే ధ్వని ముక్క) 128 శాంపిళ్లకో 256కో తగ్గించుకుంటే ఆలస్యం కూడా తెలియదు.

ఆ పొడి ఫైలును పారేయొద్దని స్టూడియోలు నడిపే తమ్ముళ్లందరినీ అడుగుతున్నాను. ఒకసారి ఎకో కలిపి రికార్డు చేసేశాక, దాన్ని విడదీయడం ఇవాళ్టి సాఫ్ట్‌వేర్‌తో కూడా సరిగ్గా కుదరదు. కొంత తగ్గించగలం, అంతే. ఆ మధ్య ఒంగోలు వైపు నుంచి ఒక భజన బృందం తమ గురువుగారి పాత రికార్డింగు పట్టుకొచ్చింది. ఎక్కడో చేయించారు, ఎకో నిండా కలిపేసి ఉంది. ఆయన ఇప్పుడు లేరు. ఆ పాటల్లో కొన్ని చరణాలు బృందంలో ఎవరికీ రావు. మళ్లీ మళ్లీ విని, ఎకో తగ్గించే టూల్స్ వాడి, కొన్ని మాటలు పట్టుకున్నాం. కొన్ని ఎంతకీ తేలలేదు. ఆ ఖాళీలు అలాగే వదిలి రాసుకున్నారు.

అందుకని నా దగ్గర ఎవరు పాడినా, ముఖ్యంగా పెద్దవాళ్లు పాడితే, ఎఫెక్టులేవీ లేని గొంతు ట్రాక్‌ను 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా విడిగా తీసి ఉంచుతాను. ఫైలు పేరులో పాడినవాళ్ల పేరు, ఊరు, పాట మొదటి మాటలు, శ్రుతి, తేదీ రాస్తాను. ఎంపీ3గా మార్చిన మిక్స్‌తో పాటు ఆ పొడి ఫైలును కూడా వాళ్ల ఇంట్లో ఫోన్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో వేసి ఇస్తాను, అది దేనికో వాళ్ల పిల్లలకు చెప్పి పంపుతాను.